గుండె పక్కింటి నొప్పి

అడవి అంచున ఒక పీహెచ్‌సీలో కొత్తగా చేరిన డాక్టరమ్మాయి ఆ మధ్య ఫోన్ చేసింది. మాటల మధ్యలో, "మేడం, ఇన్నేళ్లలో మీ ఓపీకి జనం ఎక్కువగా ఏం బాధ చెప్పుకుని వచ్చేవాళ్లు?" అని అడిగింది. జ్వరాలనో, రక్తహీనత అనో చెబుతాననుకుంది. "గుండెల్లో నొప్పి" అన్నాను. "అంతమందికి గుండెజబ్బులా, మన దగ్గర?" అంది ఆశ్చర్యంగా. "గుండెజబ్బులు అనలేదమ్మా. గుండెల్లో నొప్పి అన్నాను."

ఆ రెంటికీ తేడా చెప్పడానికి ఫోన్ చాల్లేదు. అందుకే ఇది రాస్తున్నాను. ఎక్కడినుంచి ఎక్కడికి బదిలీ అయ్యానో, ఏ ఏడు ఏ హోదా వచ్చిందో ఇందులో ఉండదు. మాది వేంసూరు దగ్గర పల్లె, వ్యవసాయం చేసుకునే ఇల్లు. నా ఉద్యోగం భద్రాచలం దాటాక అడవి ఊళ్లలో మొదలై పాల్వంచలో ముగిసింది. ఆ మధ్యలో చూసిన వందల జబ్బుల్లో ఒక చిన్నదాని గురించే చెబుతాను. అది ప్రాణం తీయదు. కానీ తిరిగే మనిషిని, పనిచేసే మనిషిని తీసుకెళ్లి మూలన కూర్చోబెడుతుంది.

చేతులు చెప్పిన మాట

మొదటి పోస్టింగులో నాకు కోయ మాట ఒక్క ముక్క రాదు. మా నర్సు లేని రోజు నేను చెవిటిదాన్నే. అప్పుడు పేషెంట్ల చేతులు చూడడం అలవాటైంది. నొప్పి ఎక్కడ అని సైగ చేస్తే కొందరు చూపుడువేలు తెచ్చి ఒక్కచోట ఆనించేవారు, సూది గుచ్చినంత ఖచ్చితంగా. కొందరు అరచెయ్యి మొత్తం ఛాతీ మీద పరిచేవారు, లేదా పిడికిలి బిగించి పెట్టేవారు. ఏ చుక్క దగ్గర అని అడిగినా చెప్పలేకపోయేవారు.

వేలితో చూపించిన నొప్పి చాలాసార్లు ఛాతీ గోడది. పక్కటెముకలు ముందుకు వచ్చి రొమ్ము ఎముకను కలిసేచోట ఎముక ఉండదు, మెత్తటి మృదులాస్థి ఉంటుంది. అది ఒరుసుకుపోయి కమిలితే వచ్చే నొప్పి. ఊపిరి గట్టిగా తీస్తే, దగ్గితే, పక్కకు తిరిగి పడుకుంటే, బరువు ఎత్తితే ఎక్కువవుతుంది. పుస్తకాల్లో కాస్టోకాండ్రైటిస్ అని ఉంటుంది. పరీక్షలో ఒక లైను రాసి మరిచిపోయే జబ్బు. అరచేతితో, పిడికిలితో చూపించిన నొప్పి గుండెది కావచ్చు.

"కావచ్చు" అనే అంటున్నాను. చేతులు దారి చూపిస్తాయి కానీ తీర్పు చెప్పవు. ఆ సంగతి నాకు పెద్ద సార్ దగ్గర తెలిసింది.

పెద్ద సార్

భద్రాచలంలో నాకు పైన ఉన్న ఫిజీషియన్‌ను అందరం పెద్ద సార్ అనేవాళ్లం. కోపిష్ఠి. పేషెంటు నిలబడి ఉండగా డాక్టరు కుర్చీలో కూర్చుంటే ఆయనకు నచ్చేది కాదు. మందులు తక్కువ రాసేవారు, ప్రశ్నలు ఎక్కువ అడిగేవారు. కొందరు ఆయన్ని చాదస్తం మనిషి అనేవారు. నా మటుకు నాకు ఆయన దగ్గర గడిపిన కాలమే అసలు చదువు.

గోదావరి పొంగి లంక ఊళ్లవాళ్లను పునరావాస కేంద్రాలకు చేర్చిన ఒక వానాకాలంలో, పడవ నడిపే మనిషి ఒకాయన వచ్చాడు. నడివయసు, రాటుదేలిన ఒళ్లు. వరుసగా రోజులు రోజులు గెడ వేసి జనాన్ని దాటించాడు. ఎడమ పక్క ఛాతీలో నొప్పి. నేను రొమ్ము ఎముక అంచు వెంట వేలితో నొక్కుకుంటూ పోయాను. ఒకచోట "అబ్బ!" అని వెనక్కి గుంజుకున్నాడు. నాకు సంతోషం. జబ్బు దొరికింది. పెద్ద సార్ దగ్గరికి వెళ్లి, "సార్, ఛాతీ గోడ నొప్పి. నొక్కితే నొస్తోంది. గుండెది కాదు" అని చెప్పాను.

ఆయన కళ్లద్దాల మీదుగా చూశారు. "ఏమ్మా, పక్క బొక్క నొస్తే ఆ మనిషికి గుండె లేకుంట పోతదా?"

కేసు షీటు తిరిగి నా చేతిలో పెట్టారు.

"రెండు నొప్పులు ఒక్క ఛాతీలనే ఉండొచ్చు. ముందుగాల గుండె సంగతి తేల్చు. తర్వాత బొక్క సంగతి చెప్పు. గా వరస తప్పకు."

ఈసీజీ తీశాం. పొగ తాగుతాడా, షుగర్ ఉందా, నడిస్తే నొప్పి ఎక్కువవుతుందా, ఇంట్లో ఎవరికైనా గుండెజబ్బు ఉందా, అన్నీ అడిగాం. అంతా బాగుంది. అప్పుడు పెద్ద సార్ వెళ్లి అతని పక్కన బెంచీ మీద కూర్చున్నారు. "నీ గుండె మంచిగున్నది. ఇది గెడ వేసి వేసి వచ్చిన నొప్పి. నాలుగు రోజులు గెడ ఇంకొకరికియ్యి" అన్నారు. ఆ మనిషి మొహం విప్పారింది. "గంతేనా సారూ? నేనింక పడవ ఇడిసిపెట్టాల్సి వస్తదేమో అనుకున్న" అన్నాడు.

గుండె గురించి తేల్చకుండా "ఎముకల నొప్పి" అనేవాడు ఒక తప్పు చేస్తాడు. గుండె బాగుందని తేలాక "ఏం లేదు, పో" అనేవాడు ఇంకో తప్పు చేస్తాడు. మొదటి తప్పు గురించి కాలేజీలో చెబుతారు. రెండోది ఎంత పెద్దదో నాకు జరీనా చెప్పింది.

జరీనా

కరోనా తగ్గి జనం మళ్లీ ధైర్యంగా ఓపీకి రావడం మొదలుపెట్టిన రోజులు. ఫోన్లలో పెళ్లి బరాత్‌లో ఆడుతూ ఆడుతూ కూలిపోయిన కుర్రాళ్ల వీడియోలు తిరుగుతున్నాయి. ఛాతీలో చిన్నగా కలుక్కుమన్నా జనం పరిగెత్తుకొచ్చేవారు. తప్పు పట్టలేం.

జరీనాది పాల్వంచ. బట్టలు కుడుతుంది. ముప్ఫై దాటిన వయసు. భర్త ఖాదర్‌కు బస్టాండు దారిలో మటన్ దుకాణం. ఇద్దరికీ ఒక్క కూతురు, అప్పటికి చంకనెక్కే వయసు. జరీనాకు ఒక పొడి దగ్గు పట్టుకుని చాలా రోజులు వదల్లేదు. దగ్గు తగ్గింది కానీ ఎడమవైపు ఛాతీలో నొప్పి మిగిలిపోయింది. అంతకుముందు ఏడే ఆమె అన్న తన దుకాణంలోనే కుప్పకూలి ప్రాణం విడిచాడు. గుండెపోటు. నలభై కూడా సరిగ్గా నిండని మనిషి. అందుకే నొప్పి రాగానే జరీనా మనసులో లెక్క తేలిపోయింది. అన్న తర్వాత తనే.

నా దగ్గరికి వచ్చేసరికి ఆమె ఎక్కని ఆస్పత్రి మెట్టు లేదు. ఒకరు గ్యాస్ అన్నారు. ఒకరు టెన్షన్ అన్నారు. వీధి చివర సూది వేసే మనిషి వచ్చినప్పుడల్లా ఒక సూది పొడిచాడు. ఈసీజీ తీసిన ప్రతిచోటా, "ఏం లేదు" అని పంపించారు. ఆమె పక్కన కూర్చున్న ఖాదర్ విసిగిపోయి ఉన్నాడు. చెడ్డవాడు కాదు, అలిసిపోయాడు.

"అందరు ఏం లేదంటున్నరు మేడం. ఈమె మిషన్ మీద గుడ్డ కప్పేసింది. పిల్లను ఎత్తుకుంటలేదు. గోడకు ఆనుకొని కూసునే పండుకుంటది. మా అమ్మనే వండిపెడుతుంది. ఏం లేకపోతే ఇదంత ఏంది?"

జరీనా తల ఎత్తలేదు. "నాకేం లేదంట. మరి నొచ్చేది ఎవరికి?" అని మెల్లగా అంది.

"వేలితో చూపించమ్మా, ఎక్కడ?" అన్నాను. చూపించింది. ఖాదర్‌ను కాసేపు బయట కూర్చోమని, మా సిస్టర్‌ను పిలిచి తెర వేయించాను. "నొక్కి చూస్తాను, నొస్తే చెప్పు, ఆపేస్తాను" అని అడిగి, ఆమె సరే అన్నాక రొమ్ము ఎముక అంచున ఒక్కొక్క పక్కటెముక కలిసేచోట నెమ్మదిగా నొక్కాను. పై రెంటి దగ్గర నొప్పి లేదంది. మూడోదాని దగ్గర ఆమె నా మణికట్టు పట్టేసుకుంది.

"గదే! గదే డాక్టరమ్మా! గా నొప్పే!"

కళ్లనిండా నీళ్లు, పెదాల మీద నవ్వు. ఆ రెండూ కలిసి వచ్చిన ముఖం నేనింకా మరిచిపోలేదు. "ఇన్ని రోజుల్ల ఆడ ఎవ్వరూ చెయ్యి పెట్టి చూడలే" అంది.

ఎందుకు చూడలేదో నాకు అర్థమైంది. బురఖాలో వచ్చిన ఆడమనిషి, ఛాతీ మీద నొప్పి, ఎదురుగా మగ డాక్టరు, తలుపు బయట లైను. కాగితం మీద ఈసీజీ చూసి పంపించడం సులువు. కొత్తగా డాక్టర్లై వచ్చే మగపిల్లలకు చెప్పేదొకటే. సిస్టర్‌ను పక్కన పెట్టుకోండి, పేషెంటును అడగండి, అడిగి చూడండి. మర్యాద పేరుతో పరీక్ష మానేస్తే నష్టపోయేది ఆమే.

పెద్ద సార్ చెప్పిన వరస నేను తప్పలేదు. అన్న అలా పోయాడు కాబట్టి మరీ జాగ్రత్త పడ్డాను. మళ్లీ ఈసీజీ, రక్తపరీక్ష, ఖమ్మంలో గుండె డాక్టరు దగ్గర ఎకో, నడిపించి చేసే పరీక్ష. అన్నీ చేయించుకుని వచ్చారు. గుండె నిక్షేపంగా ఉంది.

ఖాదర్ చెప్పిన పాఠం

రిపోర్టులు తెచ్చిన రోజు ఇద్దర్నీ కూర్చోబెట్టాను. మృదులాస్థి అంటే ఆమెకేం అర్థమవుతుంది? కాస్టోకాండ్రైటిస్ అంటే అంతకన్నా భయం. ఖాదర్ వైపు తిరిగాను. "మేక పక్కటెముక ముందువైపు కొస ఎలా ఉంటుందయ్యా?"

అతను తన పని గురించి అడిగారని నిటారుగా కూర్చున్నాడు. "ముందటికి వచ్చేటాళ్లకు బొక్క ఆగిపోతది మేడం. తెల్లగ, మెత్తగ ఉంటది. వంచితే వంగుతది. చబ్నీ హడ్డీ అంటం. పిల్లలు కరకర నములుతరు."

"మనకీ అంతే. దేవుడు ఎందుకు మెత్తగా పెట్టాడో చెప్పు?"

ఆలోచించి, తన ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని ఊపిరి తీశాడు. "ఛాతీ ఉబ్బాలె గదా మేడం. మొత్తం బొక్కే ఉంటే ఉబ్బుడెట్ల?"

"అదీ. రోజంతా ప్రతి ఊపిరికీ అది వంగుతూనే ఉంటుంది. జరీనా రోజుల తరబడి దగ్గింది. నేల మీద గుడ్డ పరుచుకుని వంగి కత్తెర పట్టింది. పిల్లను ఎత్తింది. ఆ మెత్తటి చోటు కమిలింది. గుండె దాని వెనకాల ఉంది. గోడ నొస్తే ఇంట్లోవాళ్లకు జబ్బు అనుకున్నాం మనం."

జరీనా ఛాతీ మీద ఆ చోటును వేలితో తడిమి చూసుకుంది. తర్వాత అడిగింది, "అంటే నాది ఉత్త నొప్పి కాదా? నిజం నొప్పేనా?"

"నొప్పి నిజం. జబ్బు నిజం. గుండెజబ్బు అనుకోవడమే నిజం కాదు."

ఆమె భర్త వైపు తిరిగి, "ఇన్నవా?" అంది. అంతే. కానీ ఆ ఒక్క మాటలో ఎన్ని నెలల కోపం ఉందో ఖాదర్‌కు తెలిసింది. తల వంచుకుని, "ఇన్న" అన్నాడు.

చాలా రాసేవాళ్లు ఇక్కడితో ఆపేస్తారు. జబ్బు పేరు చెప్పాం, పేషెంటు నవ్వుకుంటూ ఇంటికి పోయింది అని. అలా జరగదు. వారం తిరక్కుండానే ఆమె మళ్లీ వచ్చింది.

"తగ్గలే. వారాలు పడతదని మీరు చెప్పిండ్రు, యాదికుంది. కానీ పొద్దుగూకితే భయమైతుంది. ఫోన్ల చూసిన, ఆడోళ్లకు గుండెపోటు వస్తే డాక్టర్లకు తెలుస్తలేదంట. నిజమేనా?"

"నిజమే" అన్నాను. అబద్ధం చెప్పి ధైర్యం ఇవ్వలేం. "ఆడవాళ్లకు, షుగర్ ఉన్నవాళ్లకు ఒక్కోసారి వేరే రకంగా వస్తుంది. అందుకే నీకు రెండు నొప్పులూ తెలియాలి. ఇది నీకు తెలుసు. అది ఎలా ఉంటుందో చెబుతాను."

చెప్పాను. గుండె నొప్పి ఒక్క చుక్క దగ్గర ఉండదు. నొప్పి అని కూడా అనరు చాలామంది, బరువు అంటారు, పట్టేసినట్టు అంటారు. ఊపిరితో, తిరగడంతో దానికి పెద్దగా సంబంధం ఉండదు. నడిస్తే, మెట్లెక్కితే పెరుగుతుంది. చేతిలోకి, దవడలోకి, వీపులోకి పాకుతుంది. చెమట పడుతుంది, వాంతి వచ్చినట్టుంటుంది, ఆయాసం, కళ్లు తిరగడం. అలాంటిది ఏ ఒక్కటి వచ్చినా ఆలోచించకుండా దవాఖానాకు రావాలి, ఎవరి కోసమూ ఆగకూడదు. అంతా విని, తన మాటల్లో తిరిగి చెప్పమన్నాను. చెప్పింది. ఇంటికి పోయి ఖాదర్‌కు, అత్తకు చెప్పమన్నాను. భయాన్ని వద్దంటే పోదు. దానికి ఏది చూసి భయపడాలో చెబితే మిగతా వేళల్లో ఊరుకుంటుంది. ఇది నా సొంత అభిప్రాయం. ఏ పుస్తకంలోనూ చదవలేదు.

మందు తక్కువే ఇచ్చాను. నొప్పి బిళ్ల కొన్ని రోజులు, అన్నం తిన్నాక, అంతకు మించి వద్దని గట్టిగా చెప్పాను. నొప్పి బిళ్లలను బఠాణీల్లా నమిలి కడుపులో పుండు, కిడ్నీ జబ్బు తెచ్చుకున్నవాళ్లను ఈ ప్రాంతంలో ఎంతమందినో చూశాను. వీధి సూదులు మానిపించాను. మిగతాదంతా ఇంట్లో పనే. ఉప్పు మూట వేడిచేసి కాపడం. గుమ్మం మధ్య నిలబడి రెండు చేతులు రెండు పక్కల ఆనించి, ఛాతీ సాగేలా మెల్లగా ముందుకు వంగడం. నేల మీద వంగి కత్తిరించడం బంద్. ఖాదర్ దుకాణంలో పడున్న చెక్కలు తెచ్చి నడుం ఎత్తుకు ఒక బల్ల చేసిపెట్టాడు. జరీనా నిలబడి కత్తిరించడం మొదలుపెట్టింది. గుమ్మంలో చేతులు పెట్టి వంగుతుంటే పక్కింటివాళ్లు, "తలుపు పడిపోతదేమో అని పట్టుకున్నవా ఏంది?" అని నవ్వేవాళ్లట. నవ్వితే నొచ్చేది, నొచ్చినా తనూ నవ్వేదట.

మిషన్ మీద గుడ్డ తీసింది. ముందు రవికలు, తర్వాత స్కూలు యూనిఫాంలు. కొన్ని రోజులు బాగుండి మళ్లీ నొప్పి ఎక్కువయ్యేది. అప్పుడు వచ్చి కూర్చునేది. నేను చెయ్యి పెట్టి చూసేదాన్ని. "అదే చోటేనా?" "అదే." "కొత్తగా ఏమైనా?" "ఏం లేదు." ఆ "ఏం లేదు" ఇప్పుడు ఆమె నోట్లోంచి వచ్చేది. ఒకరోజు ఓపీ లైనులో ఉంటే తలెత్తి చూశాను. కూతుర్ని చంకనేసుకుని నిలబడింది. నాకు చూపించడానికే ఎత్తుకుని వచ్చిందని తర్వాత ఖాదర్ చెప్పాడు.

ఆదివారం పొద్దున

ఇక్కడితో కథ అయిపోయి ఉంటే నేను ఇంత రాసేదాన్ని కాదు.

చలికాలం, ఆదివారం. మటన్ దుకాణానికి గిరాకీ ఉండే రోజు. దుకాణంలో జరిగింది నాకు ఆ తర్వాత జరీనాయే చెప్పింది. భర్తకు టీ తీసుకుని వెళ్లిందట. బయట జనం నిలబడి ఉన్నారు. ఖాదర్ కొట్టే మొద్దు పక్కన స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. గిరాకీ వేళ కూర్చునే మనిషి కాదు.

"ఏమైంది?"

"ఏం లే. నీ జబ్బు నాకంటుకుంది" అని నవ్వాడట. "చబ్నీ హడ్డీ నొప్పి. పొద్దుగాల నుంచి కత్తి కొడుతున్న గదా. చూడు, నొక్కితే నొస్తది." తనే తన ఛాతీ నొక్కుకుని చూపించాడు.

జరీనా అతని వేలు చూడలేదు. రెండో చెయ్యి చూసింది. అది అరచెయ్యి పరిచి ఛాతీ మధ్యలో మెల్లగా రుద్దుతోంది. చలికాలం పొద్దున నుదుటి మీద చెమట.

"ఊపిరి గట్టిగ తియ్యి. నొస్తుందా?"

"ఊపిరికి ఏం లే."

"మరెట్లుంది?"

"బండ పెట్టినట్టుంది. పోతది తియ్. గీ దవడ ఒకటి గుంజుతుంది."

ఆమె టీ గ్లాసు కింద పెట్టింది. "లే. దవాఖానాకు పోదాం."

"గిరాకీ ఉన్నది, కనబడుతలేదా? నాకేం లేదు."

"నాకు కూడా గిట్లనే అన్నరు అందరు, ఏం లేదని" అందట. బయటకు వచ్చి, "దుకాణం బంద్, పోండ్రి" అని నిలబడ్డవాళ్లకు చెప్పి షట్టర్ గుంజేసింది. ఆటో ఆపి, మారాం చేస్తున్న మనిషిని భుజం పట్టి ఎక్కించింది. ఆటోవాడితో ఒక్కటే మాట, "జల్దీ".

ఆ ఆదివారం డ్యూటీ నాదే. ఖాదర్ మంచమెక్కుతూనే, "మేడం, ఈమె ఊరికే పరేషాన్ చేస్తుంది. నొక్కి చూడుండ్రి, నొస్తది" అన్నాడు. నొక్కాను. నిజంగానే నొచ్చింది. రోజూ కత్తి ఎత్తి కొట్టే మనిషి ఛాతీ ఎక్కడ నొక్కినా నొస్తుంది. అప్పటికే సిస్టర్ ఈసీజీ తీగలు పెడుతోంది. కాగితం బయటకు వస్తుంటే నేనూ సిస్టరూ చూస్తున్నాం. గీతలు ఉండాల్సిన మట్టం దాటి పైకి లేచి ఉన్నాయి. గుండెపోటు. సందేహం లేదు.

మిగతాదంతా చేతుల పని. నమిలే ఆస్పిరిన్ బిళ్ల, రక్తం గడ్డను కరిగించే సూది, మానిటర్, ఖమ్మానికి ఫోన్, అంబులెన్స్. సమయానికి వచ్చాడు కాబట్టి ఆ సూది వేయగలిగాం. ఇంకొంచెం గిరాకీ చూసుకుని, సాయంత్రం వరకు ఆగి ఉంటే ఏమయ్యేదో నేను ఊహించదలచుకోలేదు. మందు ఎక్కుతున్న కొద్దీ అతని మొహంలో బిగువు తగ్గింది. "బండ దిగుతుంది మేడం" అన్నాడు. తెరమీద గీతలు కూడా దిగుతున్నాయి.

అంతసేపూ జరీనా తలుపు దగ్గర నిలబడి ఉంది. ఏడవలేదు, అరవలేదు. అడిగిన ప్రతిదానికీ జవాబు చెప్పింది. నొప్పి ఎప్పుడు మొదలైంది, బీపీ మందులు వాడతాడా, ఏదైనా పడదా, అన్నీ. అంబులెన్స్ లోకి స్ట్రెచర్ ఎక్కించాక నా దగ్గరికి వచ్చి మెల్లగా అడిగింది.

"డాక్టరమ్మా, ఇప్పుడు ఏడ్వొచ్చునా?"

దగ్గరికి తీసుకున్నాను. నా భుజం మీద తల పెట్టి గట్టిగా ఏడ్చింది. కాసేపే. అంబులెన్స్ డ్రైవరు తలుపు తట్టేసరికి మొహం తుడుచుకుని భర్త పక్కన ఎక్కి కూర్చుంది.

ఖమ్మంలో స్టెంట్ వేశారు. ఖాదర్ కొన్నాళ్లకు తిరిగి వచ్చాడు. కత్తి కొట్టే పనికి తమ్ముణ్ని పెట్టి తను కాటా దగ్గర కూర్చున్నాడు. బీడీ మానేశాడు. కాటా దగ్గర ఊరికే కూర్చోలేక, వచ్చినవాళ్లకల్లా ఛాతీ మీద చెయ్యి పరిచి గుండెపోటు ఎలా ఉంటుందో చెబుతాడట. కిలో మటన్‌తో పాటు ఇది ఉచితం అని జనం నవ్వుతారట. నవ్వనివ్వండి. ఆ నవ్విన వాళ్లలో ఎవరో ఒకరు రేపు సమయానికి దవాఖానాకు వస్తారు.

కొత్తగా వచ్చే మీకు

ఆ డాక్టరమ్మాయికి, ఆమెలాంటి మిగతా పిల్లలకు నేను ముఖ్యంగా చెప్పేది ఒక మాట మానేయమని. "ఏం లేదు." లైను పొడవుగా ఉన్నప్పుడు అది ఎంత సులువుగా నోట్లోకి వస్తుందో నాకు తెలుసు. కానీ పేషెంటు దాన్ని రెండు రకాలుగా వింటుంది. వీళ్లకు నా జబ్బు దొరకలేదు, లేదా నేను అబద్ధం చెబుతున్నాననుకుంటున్నారు. ఈ రెండింట్లో ఏది విన్నా ఆమె ఇంటికి పోయి ఇంకో డాక్టర్ని వెతుక్కుంటుంది. లేదంటే మిషన్ మీద గుడ్డ కప్పేస్తుంది. ఏముందో చెప్పండి. ఎక్కడుందో వేలు పెట్టి చూపించండి. ఎన్నాళ్లుంటుందో, మళ్లీ ఎందుకు రావచ్చో, ఏది వస్తే పరిగెత్తి రావాలో చెప్పండి. దీనికి పట్టే సమయం ఎక్కువేం కాదు. ఇప్పుడు చెప్పకపోతే అదే మనిషిని మీరు పదిసార్లు చూడాల్సి వస్తుంది.

ఇంకోటి. జరీనా భర్తను కాపాడిందని ఎవరైనా అంటే ఆమె ఒప్పుకోదు. "నా నొప్పి నాకు తెలుసు గదా, ఆయనది గా నొప్పి కాదని తెలిసింది" అంటుంది. మనం చేసే పని చాలావరకు ఇదే. జనానికి వాళ్ల ఒళ్లు వాళ్లకు తెలిసేలా చెప్పడం. అది చేసిన రోజు, మనం లేని చోట కూడా మన పని నడుస్తూనే ఉంటుంది.

రిటైరయ్యాక నా రవికలన్నీ జరీనా దగ్గరే కుట్టిస్తున్నాను. ఇప్పుడు ఆమెకు ఇంటి ముందు చిన్న దుకాణం ఉంది. లోపల నడుం ఎత్తు బల్ల, పక్కన ఇద్దరు ఆడపిల్లలు కాజాలు కుడుతూ నేర్చుకుంటున్నారు. మొన్న కొలతలిస్తూ అడిగాను, "నొప్పి మళ్లీ వస్తోందా?"

"అవ్, వస్తది. దగ్గు పట్టినప్పుడు, రంజాన్ ముందట బట్టలు ఎక్కువైనప్పుడు. వేరే తీరు వస్తే మాత్రం షట్టర్ గుంజుడే, మళ్ల చెప్పేటిది లేదు."

"మరి మామూలుగా వస్తే ఏం చేస్తావు?"

జరీనా టేపు మెడలో వేసుకుని, మిషన్ ముందు కూర్చుని, గుడ్డను సూది కిందికి జరిపింది.

"ఏం జేస్త డాక్టరమ్మా? వచ్చినవా, మంచిది, ఆడ కూసో అంట. నా కుట్టు నేను కుట్టుకుంట."